కోత

కమలాబరి రేవులో నాదొక కంప్యూటర్ కొట్టు.
ఒక ప్రింటరు, రెండు కుర్చీలు, వానకు ఉబ్బి మూతపడని తలుపు.
ఆధార్ మార్పులు, రేషన్ కార్డులు, పరీక్ష దరఖాస్తులు,
ఏదైనా ముప్పై రూపాయలు.

మినొతి కుటుం నడుముదాకా తడిసి వచ్చింది.
తలమీద స్టీలు డబ్బా. డబ్బాలో సంచి, సంచిలో మళ్లీ సంచి.
అందులో మార్కుల జాబితా, తెగ ధ్రువపత్రం,
నాన్న పడవ ఇంజను తాకట్టు పెట్టి తెచ్చిన ఫీజు.
నోట్లు మాత్రం పొడిగా ఉన్నాయి.

"నేషనల్ లా స్కూల్ పరీక్షకి" అంది.
గడువు ఆ రాత్రి పన్నెండింటికి.

ఫొటో వెనక తెల్లగా ఉండాలట.
మా ఆవిడ గమొసా ఎత్తి పట్టుకుంది.
ఎర్ర అంచు కెమెరాలోకి రాకుండా
ముగ్గురం చాలాసేపు తంటాలు పడ్డాం.
సంతకం ముప్పై కేబీ దాటకూడదట.
ఎన్నిసార్లు పెట్టినా ఆమె సంతకం బరువే తూగింది.
చిన్నది చేసి, ఇంకా చిన్నది చేసి,
చీమంత అయ్యాక యంత్రం ఒప్పుకుంది.

అప్పుడొచ్చింది ఆ గడి.
శాశ్వత చిరునామా. పక్కన ఎర్ర నక్షత్రం.
ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు.

ఆమె మూడు కాగితాల్లోనూ ఊరి పేరొకటే,
చోట్లు మూడు.
ఒడ్డు కోసుకుపోయినప్పుడల్లా
వెదురు కాళ్ల ఇళ్లు విప్పి, కట్టలు కట్టి,
ఊరి పేరునూ ఆ కట్టల్లోనే పెట్టుకుని
వెనక్కి జరిగారు వాళ్లు.
మొదటి చోట ఇప్పుడు సుడి ఉంది.
ఫెర్రీ అక్కడికి రాగానే వేగం తగ్గిస్తుంది.

నాన్నకి ఫోను చేసింది.
ఇంజను లేని పడవలో గెడ వేస్తున్నాడేమో, ఆయాసపడుతున్నాడు.
"శాశ్వతమా?" అని నవ్వాడు.
"ఏటి ఈతకీ లంక మేతకీ సరిపోయే బతుకు మనది.
నీకేది తోస్తే అది రాయి."

నెట్ నత్తలా తిరుగుతుంటే నోటుబుక్కు తీసింది.
పాత ప్రశ్న ఒకటి చదివి వినిపించింది:
"సూత్రం: నది మెల్లగా మేట వేసిన మట్టి
ఆ ఒడ్డు ఆసామికే చెందుతుంది."
"మెల్లగా అంటే ఎంత మెల్లగా, దాదా?"
నేను పదో తరగతి తప్పినవాణ్ణి.
"అయితే మా మట్టి ఎవరి ఒడ్డున చేరిందో
వాడిదేనన్నమాట" అంది తనలో తనే.
జవాబు 'బి'. ఆమెకీ తెలుసు.
కాగితం చిరిగేంత గట్టిగా దాని చుట్టూ సున్న చుట్టింది.
తప్పు రాస్తే పావు మార్కు కోత, గుర్తు చేశాను.
"పావే కదా" అంది.

ఏడూ పదికి కరెంటు కోత.
నింపిందంతా పోయింది.
చీకట్లో ముగ్గురం నదిని విన్నాం.
దూరంగా ఎక్కడో ఒక ముక్క విరిగి పడింది,
నిద్రలో ఎవరో పక్కకి ఒత్తిగిలినట్టు.

తొమ్మిదిన్నరకి మళ్లీ మొదటినుంచి.
పేరు, పుట్టిన తేదీ, చీమంత సంతకం.
ఈసారి ఆ గడి దగ్గర ఆమె వేళ్లు ఆగలేదు.
నేను గుమ్మంలో నీళ్లు తోస్తున్నాను, చూడలేదు.

ప్రింటు తీశాక చూశాను:
ఇంటి నంబరు ఆరు, పాత రేవు, బగొరి చాపొరి.
సుడి ఉన్న చోటు.

"అక్కడికి హాల్ టికెట్ ఎలా వస్తుందే?"
"హాల్ టికెట్ డౌన్‌లోడే కదా, దాదా."
"మరి ఎవరైనా విచారణకి వస్తే?"
"రానీ" అంది. "పడవ నాన్నదే."

కాగితం సంచిలో, సంచి సంచిలో, డబ్బా తలమీద.
ఇరవై ఇచ్చింది, పది బాకీ.
ఆమె వెళ్లాక నా పద్దుల పుస్తకంలో రాసుకున్నాను:
మినొతి కుటుం, పది రూపాయలు.
నా పుస్తకంలో చిరునామా గడి లేదు.