గురక లెక్క

మిల్లుకి తాళం పడ్డ మూడో రాత్రి
ఇంట్లో పడుకున్నాను.
పదకొండేళ్ళ నైట్ షిఫ్టు చెవులివి,
చప్పుడు లేకపోతే కునుకు పట్టదు.

అప్పుడు వినబడింది.
తడి గోనె మీద ఎవరో గోటితో గీస్తున్నట్టు,
ఏణ్ణర్ధం మోక్షిత ముక్కులోంచి.

"ఓలే, గుంటకి గురకేటే?" అన్నాను.
గౌరీశ్వరి అటు తిరిగే ఉంది.
"ఇప్పుడిన్నావేటి? కార్తీకం నుంచీ ఇంతే."

తెల్లారి షిఫ్టు దిగొచ్చి
ఒంటి మీద జనపనూగు దులపకుండానే
దాన్ని ఎత్తుకున్న పొద్దులు గుర్తొచ్చాయి.
ఎన్నో లెక్క లేదు.

గురకకి భయం లేదు.
అది ఆగుతుంది చూడండి, అక్కడ.
మగ్గం ఆగితే పోగు తెగిందని తెలుసు,
ముడేస్తాను.
ఇక్కడ తెగిందేదో కనబడదు.
ముక్కు కింద వేలు పెడతాను.
కాసేపటికి వెచ్చగా తగులుతుంది,
పిచ్చికపిల్ల ఊపిరంత.
మళ్ళీ గోనె మీద గోరు.

నెల్లిమర్ల నుంచి ఆటోలో విజయనగరం.
"ముక్కు వెనక కండేమో,
రాత్రి ఫోన్లో రికార్డు చేసి తెండి" అంది డాక్టరమ్మ.
చేశాను,
దోమతెరలో తల దూర్చి.

మర్నాడు ఆవిడ ఫోను చెవికి ఆనించుకుంది.
గురక. గురక.
ఖాళీ.
ఆ ఖాళీలో ఎవరిదో మగ గొంతు, గుసగుసగా,
ఒకటి... రెండు... మూడు... నాలుగు...

"ఈ లెక్కపెట్టేదెవరు?" అంది.

నాకూ తెలీదు.
గౌరీశ్వరి ఒళ్ళోంచి మోక్షిత
ఫోనుకేసి చెయ్యి చాచి
"నాన" అంది.