దవడ మీద మూడు గీతలు

కాశీబుగ్గ బస్టాండు ఎదుట
మా ఫ్యాన్సీ షాపులో అద్దం చుట్టూ పన్నెండు బల్బులు.
వాటి కింద ఎవరైనా బాగుంటారు.
అందుకే పెట్టించాడు మా ఓనరు.

మధ్యాహ్నం రెండున్నరకి తవిటమ్మ వచ్చింది,
జీడి ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి.
వద్దంటున్నా వినకుండా
చెప్పులు గుమ్మం బయటే విప్పింది.

"మొకానికి రాసే రంగు గావాల, పాపా.
మొన్న మా అప్ప కొడుకు పెళ్ళికి
పార్లరు పిల్ల నా మొకానికి సున్నమేసీసింది.
ఆల్బమ్‌లో మెడ నాదే, సెవులు నావే,
మద్దిన ఆ మనిసెవుల్తో నాకు తెల్దు.
వచ్చే బేస్తవారం సెల్లి కూతురి పెళ్ళి.
ఈపాలి ఫొటోలోన నాను గావాల."

అలవాటుగా చెయ్యి చాపమన్నాను.
మణికట్టు మీద చుక్క పెట్టి చూపించడం
ఇక్కడ చేరినప్పుడు నేర్పిన మొదటి పని.
చాపింది.
జీడిసొన కాల్చిన వేళ్ళు,
గోళ్ళ చుట్టూ నలుపు,
బొటనవేలి మీద ఊడి వస్తున్న పొర.
సీసా మూత తీసి
మళ్ళీ పెట్టేశాను.

"సెయ్యి సూడకు, పాపా.
సెయ్యి ఫ్యాక్టరీది. మొకం నాది."

సీసాల పేర్లు తెలుగులో చెప్పాను:
ఏనుగు దంతం, ఇసక, తేనె.
"తేనంటే ఏ తేనె? పుట్టదా, బెల్లం కలిపిందా?"
నాకు తెలీదు.
"తవుడు రంగు నేదేటి?
నా ముందు పుట్టినోలు బతక్క
నన్ను సేటెడు తవుడుకి అమ్మీసి కొనుక్కున్నారు మావోలు.
నా రంగూ అదేననీవోరు."

ఓనరు మాట ఒకటుంది:
మనిషికి రెండు మెట్లు పైన ఇయ్యి,
నలుపుకి చామనచాయ, చామనచాయకి గులాబీ.
ఆరేళ్ళుగా అలాగే ఇస్తున్నాను.
అలాగే రాసుకుంటున్నాను కూడా,
చెమట పట్టే దాకా.

ఎందుకో ఆమెను బయటికి తీసుకొచ్చాను,
సోడా బండి పక్కకి, ఎండలోకి.
దవడ ఎముక వెంట మూడు గీతలు గీశాను.
పర్లాకిమిడి బస్సు కిటికీలన్నీ
మమ్మల్నే చూస్తూ వెళ్ళాయి.
మొదటిది బూడిదలా తేలింది.
రెండోది బడిపిల్లల రబ్బరు ముక్క.
మూడోది సగం లోపలికి దిగి
అంచు దగ్గర పసుపుగా ఆగిపోయింది.

"కనపడకుండా పోయేదే మీది," అన్నాను.
"డబ్బులిచ్చి కొని, కనపడకూడదా!"
నవ్వితే గీతలు మూడూ వంకర తిరిగాయి.

కనపడకుండా పోయేది మా షాపులో లేదు.
అడిగేవాళ్ళు లేరని ఓనరు తెప్పించడు,
తెప్పించడు గనక ఎవరూ అడగరు.

మూడో సీసాలోంచి కొంచెం,
అడుగు అరలో దుమ్ముపట్టిన ముదురు సీసాలోంచి కొంచెం,
టీ సాసరులో అగ్గిపుల్లతో కలిపాను.
ఎక్కువైంది. మళ్ళీ లేతది ఒక చుక్క.
మళ్ళీ ఎండలోకి. మళ్ళీ లోపలికి.
నాలుగోసారి
దవడ మీద వేలు పెట్టి వెతికాను, గీత ఎక్కడా అని.
చల్లటి తడి మాత్రం తగిలింది.

ఖాళీ బామ్ డబ్బాలోకి ఎత్తి ఇచ్చాను.
ధర చెప్పగానే
ఎన్ని కిలోల పప్పు ఒలవాలో
పెదాలతో లెక్కేసుకుంది.
ఇరవై తగ్గించమంది. తగ్గించాను.
నా జీతంలోంచి అని చెప్పలేదు.

రాత్రి షట్టరు దించే ముందు
సాసరు కడగబోయి ఆగాను.
అంచున అరచుక్క మిగిలింది.
కుళాయి దగ్గర మొహం కడుక్కుని, తుడుచుకుని,
పన్నెండు బల్బులూ ఆర్పేసి
దవడ మీద రాసుకున్నాను.

వీధి లైటు కింద, ఫోను అద్దంలో,
కనపడీ కనపడనట్టుంది.

నమ్మలేను.
పొద్దున్నే సోడా బండి దగ్గర చూసుకోవాలి.