ఇరవై నాలుగు అంగుళాలు

జలీబ్‌లో జుమ్మా రోజు, మూడో అంతస్తు,
ఖాజామియా కుట్టుమిషను పక్కన మా కమిటీ.
ఏడుగురం. ఒక చాయ్ ఫ్లాస్కు.
మినిట్స్ రాసేది నేను, కరెంటు బిల్లుల వెనక.

గంగమల్లు చక్రాల కుర్చీ వెడల్పు ఇరవై ఆరంగుళాలు.
కంపెనీ గదుల్లో బాత్రూం తలుపు ఇరవై నాలుగు.
ఖాజామియా టేపు పెట్టి రెండుసార్లు కొలిచాడు,
పెళ్లి షేర్వానీకి కొలిచినంత ఓపిగ్గా.

"ఆ రెండంగుళాలే రాయి," అంది రెడ్డెమ్మ,
"దయ, జాలి అర్జీలో వద్దు.
అరబ్బీలోకి పోతే అవి బిచ్చం అయిపోతాయి."
ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో వంట చేసిన మనిషి,
ఆ భాషలో ఏ మాట ఎంత ఉడుకుతుందో ఎరుగును.

కంపెనీ ఊరికి టికెట్ ఇస్తామంది.
కూలిన పరంజా ఊసు ఎత్తలేదు.
తీర్మానం రాశాం, సంతకాలు పెట్టాం,
కాగితం పట్టుకుని నేనే కిందికి దిగాను.

గంగమల్లు చదివాడు. మడిచాడు. మెట్ల వైపు చూశాడు.
"మంచిగ రాసిన్రు.
గని నా ముచ్చట మాట్లాడెటందుకు
నేను ఎక్కలేని కాడ కూసున్నరేంది?"

నలభై ఆరు మెట్లు.
అంతవరకూ ఎవరమూ లెక్కపెట్టలేదు.

ఇప్పుడు మీటింగు కిందే,
వాటర్ కూలర్ దగ్గర, విడిచిన చెప్పుల మధ్య.
ఇసక ఎగిరి చాయ్‌లో పడుతుంది.
ఎనిమిదో పేరు అన్నిటికన్నా పైన రాశాను.

తలుపు ఇంకా ఇరవై నాలుగే.
టేపు మాత్రం గంగమల్లు ఒళ్లో ఉంది,
వీధిలో కనబడ్డ గడపల్లా కొలుస్తున్నాడు.