ఊపిరి ఉన్న చోట

మత్రా సూక్‌ల లుబాన్ పొగ దాటినంక
మూడో సందు, ఎడమ దిక్కు,
సాలెం బారషీద్ దుకాణం.
వెనుక అర్రల సాన చక్రం, బకెట్‌ల నీళ్ళు, నేను.

ముందర గాజుబల్ల మీద యెమెన్ అఖీకులు.
కార్జం రంగువి, కందగడ్డ రంగువి,
ఒక్కటి మాత్రం
తునికాకు అంచుకు నిప్పు పాకుతున్న రంగు.

సేటు నోరు చక్రం లెక్కనే, ఆగదు.
పుండు మీద పెడితే నెత్తురు ఆగుతదట.
తేలు కుట్టిన కాడ రుద్దితే మంట దిగుతదట.
నాలుక కింద పెట్టుకుంటే ఎడారిల గూడ దూప కాదట.
కోపిష్టి మొగనికి వెండిల పొదిగి తొడిగితే
నెల తిరిగేసరికి గొర్రెపిల్ల అయితడట.
ఈ మాటకు ఆడోళ్ళు నవ్వుతరు,
రెండు కొంటరు.

రాయికి కోపం సంగతి ఏం ఎరుక సేటూ, అన్న ఒకనాడు.
కావా గిన్నె కింద పెట్టిండు.
"కొండ నిప్పు కక్కినప్పుడు, ఎల్లేశ్,
దాని ఊపిరి అండ్లనే చిక్కుకున్నది, బుడగలు బుడగలుగ.
నిప్పు ఆరింది. ఊపిరి పోయింది.
ఆ ఖాళీలల్లకు నీళ్ళొచ్చి కూసున్నయి,
పొర మీద పొర, ఎవ్వలకు తొందర లేదు.
కొండ తన కోపం ఎట్ల మరిచిందో
చూసింది ఇదొక్కతే."

నాకు మస్తు నచ్చింది.
రూవీ దవఖానల సోసమ్మ డాక్టరమ్మ
నా ఛాతి ఫిల్మును వెలుగుకు పట్టేదాక.

తెల్లటి పొరలు.
ఊపిరి ఉండే ఖాళీలల్ల
పద్నాలుగేండ్ల నుంచి వచ్చి కూసున్నయి.
"ఏం పని చేస్తవు?"
"రోగాలు తగ్గించే రాళ్ళకు సానపడుత."
ఆమె నవ్వలేదు.
మూతికి గుడ్డ, రాయి మీద నీళ్ళు, పని బందు,
మూడు రాసింది.
మూడోది లోపలికి పోయేటట్టు చీటీ మడిచిన.

నిన్న నిజ్వా నుంచి ఒక తల్లి వచ్చింది,
బిడ్డకు రాత్రిపూట ఒకటే దగ్గు, మంచి రాయి కావాలె అన్నది.
"ఏరియ్యి ఎల్లేశ్, నీ చెయ్యి మంచిది."
తునికాకు నిప్పుదే ఏరిన.
బెజ్జం వేసి, నూనె రాసి, దారం ఎక్కించిన.
నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలల్ల
పిల్లను దుమ్ముల తిప్పకు తల్లీ అన్న.
సేటు నా దిక్కు చూసిండు,
ధరల ఒక రియాల్ తగ్గించిండు.

అర్రలకు పోయి దగ్గిన.
బయట ఆ పిల్ల గూడ దగ్గింది.
నేను మళ్ళ దగ్గిన.
ఆటనుకున్నట్టున్నది,
కిలకిల నవ్వి, గుంజి గుంజి దగ్గింది.

మూడోసారి దగ్గు రాలేదు.
అయినా దగ్గిన,
ఊర్కెనే, ఆమె కోసం.