మూడో నంబర్ సిస్టం

దేవరకొండ బస్టాండు ఎనక
ఖాజా నెట్ సెంటర్ మూతబడ్డనాడు
నాలుగువేల ఐదొందలకు తెచ్చిన డబ్బా ఇది.
మానిటర్ నుదుట మూడు అంకె, పసుపు స్టిక్కర్,
గోటితోని గీకినా పోలె.

సంగం లెక్కలు రాస్త నేను దీంట్ల.
పదకొండు గ్రూపులు, నూట ఇరవైమూడు మంది,
ఎవరు కట్టిండ్రు, ఎవరు రేపన్నరు.
ఒక్కటే తిప్పలు:
కరెంటు పోయి వచ్చినప్పుడల్లా
దీనికి రెండువేల తొమ్మిది, జనవరి ఒకటి.
ఎప్పుడు చూసినా అదే బేస్తవారం.
రసీదు మీద గూడ ఆ తారీకే పడుతది.
"గప్పుడు నాకు పెండ్లే కాలె, అప్పెట్లయితది?"
సాలమ్మ నవ్వింది, మేమందరం నవ్వినం.
బ్యాంకు సారు నవ్వలే.

గడియారం మీద నొక్కితె
మార్చే హక్కు నీకు లేదన్నది.
సెట్టింగుల కాడికి పోదామని స్టార్టు తెరిస్తె
కంట్రోల్ ప్యానెల్ ఉండాల్సిన జాగ
పన్నూడిన చిగురు లెక్క నున్నగ.
ఎతికిన. రన్‌ల పేరు రాసి పిలిచిన.
ఎర్ర గుండ్రంల తెల్ల ఇంటు గుర్తు,
పక్కన ఇంగ్లీషుల రెండు వాక్యాలు.
డిగ్రీ చదివే మరిది బిడ్డ స్రవంతి ఇప్పి చెప్పింది:
"దీని మీద ఆంక్షలున్నయంట పెద్దమ్మా,
నీ అడ్మినిస్ట్రేటర్‌ను అడగాలంట."

నా అడ్మినిస్ట్రేటర్!
కరెంటు మీటరు మామ పేరు మీద,
గ్యాసు బుక్కు ఈయన పేరు మీద,
నా సిమ్ము సుత ఈయన ఆధార్ తోనే.
డబ్బా ఒక్కటే నా పైసలది.
మరి దీని లోపల ఎవరు కూసున్నరు?

ఖాజా నంబరు దొరికెతందుకు రెండు రోజులు.
ఇప్పుడు మిర్యాలగూడ రైసుమిల్లుల కాంటా కాడుంటడు.
ఫోన్ల బస్తాలు దబదబ పడుతున్నయి.
"మూడో నంబరా? అది నేనే దాచిన అక్కా.
పోరగాండ్లు తెరను తలకిందులు చేసి ఉరికెటోళ్ళు.
తీసెయ్యలే, కనవడకుంట పెట్టిన.
అమ్మేటప్పుడు యాది మర్సిన.
పాస్‌వర్డు రాసుకో."
వాళ్ళమ్మ పేరు, ఆఖర్ల ఒక సున్న.

జీ, పీ, ఎడిట్, చుక్క, ఎమ్మెస్సీ
అక్షరమక్షరం వదిలిండు,
నడుమ నడుమ "డెబ్బై ఆరు కిలోలు!" అని
ఎవరికో అరుసుకుంట.
ఒకసారి డెబ్బై ఆరు గూడ టైపు చేసిన.

వరుసలు, వరుసల లోపల వరుసలు.
కంట్రోల్ ప్యానెల్‌కు పోనియ్యకు అని ఒకటి,
దాని పక్కన: ఎనేబుల్డ్.
"ఎనేబుల్డ్ అంటె తెరిచినట్టు కదరా?"
"పోనియ్యకుండుడు నడుస్తుందని అక్కా.
అసలెవ్వలు ఏం జెప్పనట్టు పెట్టు."
నాట్ కాన్ఫిగర్డ్.
ఔనని గాదు, కాదని గాదు.
ఆ గడి కాడ కొంచెంసేపు ఆగిన.
ఇంత బతుకుల నాకెవరు చూపియ్యలే దాన్ని.

ఓకే కొట్టిన.
వచ్చినయి, గడియారం, ప్రింటరు, కీబోర్డు, ఫాంట్లు,
ఇన్నేండ్లు చీకట్ల కూసున్నా
ఒక్క బొమ్మకు రంగు దిగలే.
"ఒచ్చినయా?"
"ఒచ్చినయి."
"లారీ ఒచ్చింది, ఉంటనక్కా."

తెల్లారి కరెంటు పోయింది.
మళ్ళ బేస్తవారం.

గడియారాల షాపుల ముప్పై రూపాయల బిళ్ళ సెల్లు.
స్రవంతి స్క్రూలిప్పింది, నేను ఫోను లైటు పట్టిన.
లోపల బూరుగు దూది లెక్క దుమ్ము,
ఎండిన బల్లి పిల్ల ఒకటి.

ఇప్పుడు రసీదు మీద ఇయ్యాల్టి తారీకే.
సాలమ్మకు నచ్చలే.
"పాతదే మంచిగుండె, వడ్డీ షురూ గాకుండె."

స్టిక్కర్ కిరోసిన్‌తోని తుడుస్త అన్నది స్రవంతి.
ఉండనియ్యమన్న.
పాస్‌వర్డు మాత్రం మార్చిన.
ఏం పెట్టినవని ఈయన అడిగిండు.
తాలింపేస్తున్న,
ఇనవడలే అన్న.