రద్దీ రసీదు

కోటగుమ్మం దగ్గర పొద్దున్న ఎనిమిది కొట్టగానే
కర్ర దించుతాను.
మెడలో బిల్ల: కడలి సత్యవేణి, రద్దీ రుసుము, ఒకటో గుమ్మం.
చేతిలో మిషను.
కారుకి యాభై, చిన్న లారీకి ముప్పై,
మోటారు సైకిలుకి ఎంతో ఇంకా తేల్లేదు,
ఆ ఫైలు ఎవరి బల్ల మీదో భోంచేసి పడుకుంది.

మా వైపు తిట్టు కూడా మర్యాదగానే వస్తుంది.
"రోడ్డు మీ నాన్నగారు వేయించారాండీ?"
అద్దం రెండు వేళ్ళంత దించి, ఒకాయన.
"లేదండి, మా నాన్న తారు మోశాడండి" అన్నాను.
నిజమే అది.
ఆయన నవ్వలేదు. యాభై ఇచ్చి
రసీదు నా కాళ్ళ దగ్గరే పారేసి వెళ్ళాడు.

మొదటి వారం తాడితోట బట్టల కొట్లు
షట్టర్లు సగం దించి నిరసన తెలిపాయి.
సగమే.
బేరం వస్తే వంగి లోపలికి రావచ్చు.

టీ బండి దగ్గర పెద్ద సభ.
"దాళ్వాలో నీళ్ళకి వంతు పెట్టుకోలేదా? రోడ్డుకీ అంతే"
అన్నాడు రిటైరైన కాలవ లస్కరు.
"మరి ఎగువోడు రాత్రికి రాత్రి తూము పగలగొట్టలేదా?"
అంది గ్లాసులు కడిగే ఆవిడ, తల ఎత్తకుండా.
ఎవరూ మాట్లాడలేదు.
మెచ్చుకునేవాళ్ళలో ఎక్కువమంది కట్టనక్కర్లేనివాళ్ళే.
తిట్టేవాళ్ళలో ఎక్కువమంది కట్టగలిగినవాళ్ళే.
కట్టలేనివాళ్ళు ఏమీ అనలేదు,
గట్టు మీంచి చుట్టూ తిరిగి పోయారు.

మా తాత ధవళేశ్వరం లాకుల దగ్గర కళాసీ.
ఉప్పు పడవైనా, కొబ్బరికాయల పడవైనా,
దొరగారి పడవే వచ్చినా
అటు నీళ్ళూ ఇటు నీళ్ళూ సమమైతేగానీ
తలుపు కదిలేది కాదట.
"తొందరపెడితే నీరు నవ్వుద్దే" అనేవాడు.
నా కర్రకి ఆ ఓపిక లేదు.
యాభై పడగానే లేస్తుంది.
అటు మట్టం అటే, ఇటు మట్టం ఇటే.

అయినా ఒకటి ఒప్పుకోవాలి.
మొన్న మంగళవారం ఒక అంబులెన్సు,
శ్యామలా సెంటర్లో అరిచి అరిచి గొంతు పోయే బండి,
బ్రేకు మీద కాలు పెట్టకుండా దాటిపోయింది.
లోపల ఎవరో నాకు తెలీదు.
కర్ర ముందే ఎత్తి పట్టుకున్నాను,
బండి కనుమరుగయ్యాక కూడా
చెయ్యి దించడం మర్చిపోయాను.

ఆ మధ్యాహ్నమే కడియపులంక నుంచి మొక్కల బండి అబ్బులు.
"ముప్పై అంటే రెండు గులాబీ అంట్లండి.
ఒకటి మీరుంచుకుని, ఒకటి గవర్నమెంటుకి కట్టేయండి."
మిషనులో మొక్కకి మీట లేదు.
వెనక హారన్లు.
నా సంచిలోంచి ముప్పై తీసి రసీదు కొట్టాను.
రెండు అంట్లూ దించి వెళ్ళాడు.
అది లంచమా, బేరమా
మా సూపర్‌వైజరు ఇంకా ఆలోచిస్తున్నాడు.
గవర్నమెంటు వాటా అంటు
బ్లీచింగు డబ్బాలో, కర్ర పక్కనే ఉంది.
పొగకి ఆకులు నల్లబడ్డాయి. మొగ్గ మాత్రం వేసింది.

రాత్రి ఎనిమిదికి రుసుము అయిపోతుంది.
అందుకే ఏడున్నర నుంచే గుమ్మం బయట
కార్లన్నీ ఇంజన్లు ఆపి వరస కడతాయి,
లాకు ముందు పడవల్లాగ.
ఆ వరసని నమ్ముకుని
వేరుశెనక్కాయల కుర్రాడొకడు కొత్తగా దిగాడు.
రద్దీ ఊరు విడిచి పోలేదు,
గుమ్మం బయటికొచ్చి కూర్చుంది, అంతే.

నిన్న ఆ వరసలో ఆయనే,
నాన్నగారి సంగతి అడిగినాయన.
అద్దం పూర్తిగా దించి, ఒళ్ళో పొట్లం పెట్టుకుని,
తొక్కలు జాగ్రత్తగా ఒక కాగితంలో వేస్తున్నాడు.
చూశాను. పాత రసీదే.

"ఇంకా ఎంతసేపండీ?"
"రెండు నిమిషాలండి."
"ఆయ్."