గింజ లెక్క

సెప్టెంబరు రెండో శనివారం.
విడాకుల కాగితానికి నాలుగేళ్ళు నిండిన వారంలోనే
జెనోవేఫా ఫోన్ చేసింది:
"ప్లమ్ పళ్ళొచ్చాయి. నీ చేతులు పట్టుకురా."

జెషూఫ్‌లో, నాలుగో అంతస్తు.
లిఫ్టు మళ్ళీ చెడింది.
మూడో అంతస్తు కుక్క నన్నింకా
ఈ ఇంటి కోడలనే అనుకుంటోంది, మొరగలేదు.

అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు.
మేమిద్దరం
కోర్టు విడదీశాక మంచివాళ్ళమయ్యాం.

దుంపలు రాత్రే ఉడికించి పెట్టింది.
వేడి దుంప పిండంతా తాగేస్తుందట,
చల్లారిన దుంప మాట వింటుందట.
గిన్నెలో మెదిపి, అరచేత్తో చదును చేసి,
కత్తితో నాలుగు పాళ్ళు గీసి,
ఒక పాలు పైకి తీసి
ఆ గుంట నిండా మైదా పోసింది.
తీసిన పాలు మళ్ళీ పైన, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు.
కొలత గ్లాసు ఈ ఇంట్లో ఎన్నడూ లేదు.

గిన్నె అంచున చెంచా టకటకలాడింది.
"కింద ట్రామ్ పోతోంది," అంది నన్ను చూడకుండా.

ఈ ఊళ్ళో ట్రాములు లేవు.

నేనేమీ అనలేదు.
గిన్నె నా వైపు లాక్కున్నాను.

పళ్ళు నలభై రెండు.
నీలం మీద తెల్లటి బూడిద పట్టినట్టుంటాయి,
వేలు తగిలితే వేలి గుర్తు పడుతుంది.
సన్నటి గీత వెంట చీల్చాలి, పూర్తిగా కాదు,
పుస్తకం తెరిచినట్టు.
గింజ తీసిన చోట
దాల్చినచెక్క కలిపిన చక్కెర, అరచెంచా.
మళ్ళీ మూసేస్తే
పండుకి ఏమీ జరగనట్టే ఉంటుంది.

పిండి ముద్ద అరచేతిలో పలచగా అదిమి
పండుని మధ్యలో కూర్చోబెట్టి
అంచులు పైకి లాగి చేర్చాలి.
పోయినేడాది ఈ పని తనది.
"అతుకు కనపడకూడదు," అంటుంది కుర్చీలోంచి.
"నీళ్ళకి సందు దొరికితే
లోపలిదంతా బయట పెట్టేస్తుంది,
మీ ఆయన లాగా."
మా ఆయన కాదని గుర్తు చేశాను.
"నా కొడుకు లాగా," అని దిద్దుకుంది.

చివర్న సాసర్లో గింజలు లెక్కపెట్టింది.
కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టింది.
నలభై ఒకటి.

మూసినవన్నీ అప్పటికే నీళ్ళలో పడ్డాయి,
అడుక్కి పోయి, ఆలోచించుకుని,
ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి.
అన్నీ ఒకే గుండ్రన, ఒకే తెలుపు.
ఏది దాస్తోందో ఎలా తెలుస్తుంది?

వెన్నలో రొట్టె పొడి గోధుమ రంగుకొచ్చేదాకా వేయించి
పైన చల్లాం. పక్కన పుల్లటి మీగడ.
తను ఐదు, నేను ఎనిమిది,
పిల్లి అడుగు వేసినట్టు కొరుకుతూ తిన్నాం.
ఊదా రసం గడ్డం దాకా కారింది, ఇద్దరికీ.
గింజ రాలేదు.

మిగతా ఇరవై తొమ్మిదీ డబ్బాలో పెట్టాం.
రేపు లుదోమీర్ వస్తాడు.
"చీటీ రాయి," అంది.
తన అక్షరాలు ఇప్పుడు ట్రామ్ ఎక్కుతున్నాయి కదా.
రాశాను:
*ఒకదాంట్లో గింజ ఉంది. ఎందులోనో తెలీదు. మెల్లగా తిను.*
నాలుగేళ్ళలో అతనికి నేను రాసిన మొదటి మాటలు.
చేతిరాత గుర్తుపడతాడు.
దాని గురించి మేమిద్దరం మాట్లాడలేదు.

రెండో అంతస్తు దగ్గర
మడిచిన చేతిచొక్కా విప్పుతుంటే
మడతలోంచి మెట్టు మీద టక్కుమని పడింది,
ఇంకా తడిగా, కాస్త పీచు అంటుకుని,
నలభై రెండోది.

కుక్క ఇప్పుడు మొరిగింది.

పైకి చూశాను. ఇంకా రెండంతస్తులు.
గింజ జేబులో వేసుకుని
కిందికే దిగాను.
రేపు అతను ఇరవై తొమ్మిదీ
ఒక్కొక్కటే, మెల్లగా తింటాడు.